జిల్లా అంటే ఒక్క మార్కు బిట్టు కాదు

మీ ఇంట్లో నాలుగో తరగతో, ఐదో తరగతో చదివే పిల్లలు ఉంటే ఒక చిన్న టెస్ట్ పెట్టండి. మనది ఏ జిల్లా అని అడగండి. ఆర్మూర్ పిల్లలైతే టక్కున నిజామాబాద్ అంటారు. ఆ వెంటనే, జిల్లా అంటే ఏంటిరా అని అడగండి. అక్కడ ఆగిపోతారు. కామారెడ్డి మన జిల్లానా కాదా అంటే ఇంకాసేపు ఆగుతారు. అదే పిల్లలు ఫోన్‌లో క్విజ్ యాప్ ఆడుతూ బ్రెజిల్ జెండా, జపాన్ రాజధాని సెకన్లో చెప్పేస్తారు.

తప్పు పిల్లలది కాదు. మనకి కూడా జిల్లా అంటే ఫామ్‌లో నింపే ఒక గడి. పేరు, తండ్రి పేరు, మండలం, జిల్లా, పిన్‌కోడ్. నింపేస్తాం, సబ్మిట్ కొట్టేస్తాం. దాని వెనకాల ఏముందో ఎవరూ చెప్పలేదు, మనమూ అడగలేదు. ఇప్పుడు ఇంట్లో పిల్లలకి బాబాయ్, మేనమామ, పిన్ని, అత్త స్థానంలో ఉన్నది మనమే. వాళ్లు ఫోన్ అడిగేది మన దగ్గరే. కాబట్టి ఈ వారం విషయం ఇది: పిల్లలకి సొంత జిల్లాని ఎలా పరిచయం చేయాలి, అసలు ఎందుకు చేయాలి.

ముందు ఎందుకో చూద్దాం.

తెలంగాణలో సర్కారు ఉద్యోగానికి లోకల్ అంటే ఎవరు అన్నది 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం తేలుతుంది. ఒకటి నుంచి ఏడో తరగతి వరకు ఎక్కువ ఏళ్లు ఎక్కడ చదివితే అక్కడ లోకల్. జిల్లా స్థాయి పోస్టుల్లో, జోన్ స్థాయి పోస్టుల్లో 95 శాతం ఆ లోకల్ వాళ్లకే. అంటే ఇప్పుడు స్కూల్ బ్యాగ్ వేసుకుని వెళ్తున్న మూడో తరగతి పిల్ల, తనకి తెలియకుండానే, పదిహేనేళ్ల తర్వాత రాయబోయే పరీక్షకి లోకల్ స్టేటస్ సంపాదించుకుంటోంది. హైదరాబాద్‌లో హాస్టల్లో వేద్దామా, ఇక్కడే చదివిద్దామా అని ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు ఫీజు గురించి మాట్లాడతాం, ట్రాన్స్‌పోర్ట్ గురించి మాట్లాడతాం. ఈ సంగతి చాలా ఇళ్లలో తలపుకే రాదు.

ఇంకొకటి. 2016 అక్టోబర్ 11న, దసరా రోజు, రాష్ట్రంలో 10 జిల్లాలు 31 అయ్యాయి. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట కలిసి 33 అయ్యాయి. పాత నిజామాబాద్ జిల్లాలోంచి కామారెడ్డి విడిపోయింది. విడిపోవడం అంటే కొత్త కలెక్టరేట్ బిల్డింగ్ మాత్రమే అనుకుంటాం. కానీ జోన్లు గీసినప్పుడు నిజామాబాద్ జిల్లా ఆదిలాబాద్, నిర్మల్, జగిత్యాలతో కలిసి బాసర జోన్‌లోకి వెళ్లింది. కామారెడ్డి రాజన్న జోన్‌లోకి వెళ్లింది. నిన్నటిదాకా ఒకే జిల్లాలో ఉన్న రెండు ఊళ్ల పిల్లలు ఇప్పుడు వేరే వేరే జోన్ల లోకల్స్. ఒక గీత చేసిన పని ఇది. ఆ గీత గురించి పిల్లలకి చెప్పకపోతే ఎట్లా?

సరే, ఎలా చెప్పాలి? ఈ పని పద్ధతిగా చేసే ఒక చోటు చూసొద్దాం. దక్షిణ జర్మనీలోని బవేరియా రాష్ట్రం. రాజధాని మ్యూనిక్. ఐటీ ఉద్యోగాలకి అక్కడికి వెళ్లిన మన తెలుగు వాళ్లు తక్కువేం లేరు. వాళ్ల పిల్లలు అక్కడి సర్కారు ప్రైమరీ స్కూల్లో చేరితే ఒకటి నుంచి నాలుగో తరగతి వరకు ఒక సబ్జెక్ట్ ఉంటుంది. పేరు హైమాట్ ఉంట్ జాఖ్‌ఉంటర్‌రిష్ట్. పలకడానికే ఒక పీరియడ్ పడుతుంది. తెలుగులో చెప్పాలంటే సొంతూరు, చుట్టూ ఉన్న సంగతుల పాఠం. మన పరిసరాల విజ్ఞానానికి అన్న లాంటిది.

అందులో పిల్లలు మెట్లెక్కినట్టు వెళ్తారు. ముందు స్కూలు, వీధి. తర్వాత ఊరు, అంటే గెమైండె. కొన్ని ఊళ్లు కలిస్తే లాండ్‌క్రైస్, మన జిల్లా లాంటిది. కొన్ని లాండ్‌క్రైస్‌లు కలిస్తే రెగీరుంగ్స్‌బెజిర్క్, అంటే రాష్ట్రానికీ జిల్లాకీ మధ్యలో ఉండే పెద్ద పరిపాలనా ప్రాంతం. ఆ పైన రాష్ట్రం. బవేరియాలో ఇలాంటి ప్రాంతాలు 7, లాండ్‌క్రైస్‌లు 71. జర్మనీలో 16 రాష్ట్రాలున్నా ఈ మధ్య మెట్టు ఉన్నది నాలుగు రాష్ట్రాల్లోనే.

ఈ పేర్లన్నీ బట్టీ పట్టిస్తే మన బిట్ పేపర్‌కీ దానికీ తేడా ఉండదు. పిల్లలకి ఇవి చేతికి తగిలే చోట్లు కొన్ని ఉన్నాయి. మొదటిది బండి నంబర్ ప్లేట్. జర్మనీలో ప్లేటు మొదటి అక్షరాలు ఊరినో, జిల్లానో చెబుతాయి. మ్యూనిక్‌కి ఒక్క ఎం. ఫాఫెన్‌హోఫెన్ జిల్లాకి పీ ఏ ఎఫ్. సాధారణంగా పెద్ద ఊరైతే అక్షరాలు తక్కువ. కారులో వెనక సీట్లో కూర్చున్న పిల్లలకి ఇదొక ఆట. ముందు వెళ్లే బండి ఎక్కడిదో ఎవరు ముందు చెబుతారో చూడటమే.

రెండోది పంట. మ్యూనిక్‌కి ఉత్తరాన హాలర్‌టావ్ అనే ప్రాంతం ఉంది. బీరుకి చేదు ఇచ్చే హాప్స్ అనే తీగ పంట ప్రపంచంలో ఒకే చోట అంత విస్తీర్ణంలో పండేది అక్కడే. ఏడు మీటర్ల ఎత్తు పందిళ్ల మీదికి పాకుతుంది. ఆగస్టు చివర్లో కోత మొదలవుతుంది. వోల్న్‌త్సాఖ్ అనే చిన్న ఊళ్లో ఆ పంటకి ఒక మ్యూజియమే పెట్టారు. అయితే ఈ హాప్స్ తోటలు ఒక్క జిల్లాలో లేవు. ఫాఫెన్‌హోఫెన్, ఫ్రైజింగ్ జిల్లాలు ఓబర్‌బయర్న్ ప్రాంతంలోవి, పక్కనే ఉన్న కెల్‌హైమ్ జిల్లా నీడర్‌బయర్న్‌లోది. తోటలు ఈ గీత దాటి రెండు వైపులా ఉన్నాయి. పంటకి గీత తెలియదు, ఆఫీసుకి తెలుసు. పిల్లలకి మొదట అర్థం కావాల్సింది ఈ తేడానే.

మూడోది ఇంకా మజా. 1972లో బవేరియా తన జిల్లాల్ని 143 నుంచి 71కి కుదించింది. మనం 10 నుంచి 33కి పెంచుకున్నాం, వాళ్లు కలిపేసుకున్నారు. అలా మాయమైన వాటిలో హాప్స్ ఊరు మైన్‌బుర్గ్ జిల్లా ఒకటి. దానితో పాటు ఎం ఏ ఐ అనే ప్లేటు కూడా పోయింది. 2012లో జర్మనీ రూల్ మార్చి, కావాలనుకున్న చోట్ల పాత అక్షరాలు మళ్లీ వాడుకోవచ్చు అంది. మైన్‌బుర్గ్ అక్షరాలు తిరిగి రోడ్డెక్కాయి. జిల్లా పోయి నలభై ఏళ్లైనా జనానికి ఆ మూడక్షరాలు కావాల్సొచ్చాయి.

ఇప్పుడు ఆర్మూర్ వద్దాం. మన దగ్గర ఇలాంటి పాఠానికి సరుకు లేదా? బోలెడుంది. సరుకంతా మన రోడ్డు మీదే ఉంది, దాన్ని చూపించే వాళ్లే తక్కువ.

పేరుతో మొదలుపెట్టండి. నవనాథ సిద్ధుల గుట్ట చూపించి, ఆరు, మూడు కలిపితే ఎంత అని అడగండి. తొమ్మిది. తొమ్మిది మంది సిద్ధులున్న చోటు కాబట్టి ఆరు మూడు, అదే ఆర్మూర్ అయిందని మన పెద్దలు చెప్పే కథ. కథే, చరిత్ర అని రూఢిగా అనక్కర్లేదు. కానీ ఒకటో తరగతి పిల్లాడికి కూడా లెక్కా, ఊరూ కలిపి గుర్తుండిపోతాయి.

తర్వాత నంబర్ ప్లేట్ ఆట. మనం 44, 63 నంబర్ నేషనల్ హైవేలు కలిసే చోట ఉన్నాం. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి వెళ్లే రోడ్డు మన గుట్ట పక్కనుంచే పోతుంది. ఇంతకంటే మంచి క్లాస్‌రూమ్ ఎక్కడ దొరుకుతుంది? 16 అంటే నిజామాబాద్, 17 కామారెడ్డి, 18 నిర్మల్, 21 జగిత్యాల. అయితే ముందు అక్షరాలు మూడు రకాలు కనబడతాయి. ఏపీ 25 అంటే 2014కి ముందు రిజిస్టరైన నిజామాబాద్ బండి. టీఎస్ 16 అంటే రాష్ట్రం వచ్చాక. టీజీ 16 అంటే 2024 మార్చి తర్వాత. ఒక్క వీధిలో తాత స్కూటర్, నాన్న బైక్, అన్న కొత్త బండి పక్కపక్కన నిలబెడితే రాష్ట్ర చరిత్ర మొత్తం స్టాండ్ వేసుకుని నిలబడినట్టే.

మూడోది పిన్‌కోడ్. ఆర్మూర్ 503224. కామారెడ్డి 503111. జిల్లాలు వేరైనా మొదటి మూడంకెలు ఇంకా 503 దగ్గరే ఉన్నాయి. మేం కోడ్ రాసే చోట కూడా ఇంతే. స్క్రీన్ మీద పేర్లు మార్చేస్తాం, లోపల పాత డేటాబేస్ అట్లనే ఉంటుంది. పోస్టాఫీసు లెక్కలో కామారెడ్డి ఇంకా మన పక్కింటిదే. ఆన్‌లైన్ ఆర్డర్ పార్సిల్ వచ్చినప్పుడు ఆ స్టిక్కర్ పిల్లల చేతికివ్వండి. ఏ అంకె దేనికో వాళ్లే కనిపెడతారు.

నాలుగోది నీళ్లు. నిజాంసాగర్ కట్టింది 1923 నుంచి 1931 మధ్య, మంజీర నది మీద. ఇప్పుడది కామారెడ్డి జిల్లాలో ఉంది. దాని కాలువ నీళ్లు మాత్రం నిజామాబాద్ జిల్లా పొలాలకి వస్తున్నాయి. శ్రీరాంసాగర్‌కి 1963లో నెహ్రూ శంకుస్థాపన చేశారు. మన పోచంపాడ్ దగ్గర ఉంది. దాని కాకతీయ కాలువ కరీంనగర్, వరంగల్ వైపు పోతుంది. ఒక జిల్లా నుంచి తీసుకుంటున్నాం, ఇంకో జిల్లాకి ఇస్తున్నాం. మా జిల్లా, మా నీళ్లు అని ఎవరైనా గట్టిగా అరిస్తే, పిల్లలు కాలువ మ్యాప్ తీసి చూపించగలగాలి. కందకుర్తిలో గోదావరి, మంజీరలతో కలిసే మూడో నది పేరు హరిద్ర. సంస్కృతంలో హరిద్ర అంటే పసుపు. పసుపు జిల్లాకి ఇంతకంటే అందమైన క్విజ్ ప్రశ్న ఏముంటుంది?

ఇక అసలు పాఠం, పసుపు. ఇక్కడే జిల్లా పరిచయం జీకే దాటి వేరే చోటికి వెళ్తుంది.

జూన్‌లో వాన పడ్డాక పెట్టిన పసుపు ఎనిమిది తొమ్మిది నెలలు భూమిలో ఉండి, జనవరి నుంచి తవ్వకానికి వస్తుంది. ఉడకబెట్టడం, ఎండబెట్టడం, పాలిష్, ఆ తర్వాత నిజామాబాద్ మార్కెట్ యార్డు. కొమ్ముకి ఒక రేటు, మండకి ఒక రేటు. ఇదంతా మన పిల్లలు కళ్లారా చూస్తారు. వాసన చూసి పసుపు ఎక్కడ ఉడుకుతోందో చెప్పగలరు. కానీ ఒక్క ప్రశ్న అడగండి: పసుపుకి రేటు తక్కువొస్తే ఎవర్ని అడగాలి?

సర్పంచ్‌నా? కాదు. ఆర్మూర్‌లోనే ఉన్న ఆర్డీవోనా? కాదు. కలెక్టర్‌నా? సోమవారం ప్రజావాణిలో అర్జీ ఇవ్వొచ్చు. పింఛను, భూమి, రోడ్డు సంగతైతే కదలిక రావచ్చు. కానీ మద్దతు ధర ఆయన చేతిలో లేదు. మార్కెట్ యార్డు రాష్ట్రానిది. మద్దతు ధర ప్రకటించేది కేంద్రం. కేంద్రం ఏటా మద్దతు ధర ఇచ్చే పంటల లిస్టులో పసుపు లేదు. ఈ గొలుసు తెలియకపోతే ఎంత పెద్ద ధర్నా చేసినా తప్పు తలుపు కొట్టినట్టే.

మన రైతులకి ఆ గొలుసు తెలుసు. అందుకే 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ నుంచి 178 మంది రైతులు నామినేషన్ వేసి బరిలో నిలిచారు. మొత్తం అభ్యర్థులు 185. పసుపు క్వింటాలుకి 15 వేలు, ఎర్రజొన్నకి 3,500 కావాలి, పసుపు బోర్డు కావాలి అన్నది డిమాండ్. ఒక్కో పోలింగ్ కేంద్రంలో పన్నెండు బ్యాలెట్ యూనిట్లు వరసగా పెట్టాల్సొచ్చింది. దేశమంతా మన వైపు తిరిగి చూసింది. గమనించండి, వాళ్లు అసెంబ్లీ ఎన్నికల్లో కాదు, పార్లమెంటు ఎన్నికల్లో నిలబడ్డారు. రేటు సంగతి ఢిల్లీలో తేలుతుందని తెలుసు కాబట్టే. పైగా నిజామాబాద్ పార్లమెంటు గీత జిల్లా గీత కాదు. అందులో జగిత్యాల జిల్లాలోని కోరుట్ల, జగిత్యాల అసెంబ్లీ సెగ్మెంట్లు కూడా ఉన్నాయి. మెట్‌పల్లి వైపు పసుపు రైతూ, ఆర్మూర్ పసుపు రైతూ జిల్లా ప్రకారం వేరు, ఓటు ప్రకారం ఒక్కటి. హాప్స్ తోటలు గీత దాటినట్టే ఇక్కడ పసుపు చేలూ దాటాయి.

2023 అక్టోబర్ 1న బోర్డు ప్రకటన వచ్చింది. 2025 సంక్రాంతి రోజు బోర్డు ప్రారంభమైంది. అదే ఏడాది జూన్ 29న నిజామాబాద్‌లో ప్రధాన కార్యాలయం తెరిచారు. బోర్డు వచ్చినంత మాత్రాన మద్దతు ధర వచ్చినట్టు కాదు, అది వేరే సంగతి. కానీ ఏ గీత లోపల ఎవరికి ఏ అధికారం ఉందో తెలిసిన జనం ఏం చేయగలరో పిల్లలకి చెప్పడానికి మనకి పుస్తకం అక్కర్లేదు. ఆ 178 మందిలో ఎవరో ఒకరు మన ఊరివాళ్లో, పక్క ఊరివాళ్లో అయి ఉంటారు. ఆ తాత దగ్గర కూర్చోబెడితే చాలు.

ఇక్కడ బవేరియాతో ఒక తేడా కూడా చెప్పాలి. అక్కడ జిల్లాకి పెద్ద అయిన లాండ్‌రాట్‌ని జనమే నేరుగా ఓటేసి ఎన్నుకుంటారు. మన కలెక్టర్ పోస్టింగ్ మీద వస్తారు, బదిలీ మీద వెళ్తారు. ఏది మంచిదో పిల్లలే వాదించుకోనివ్వండి. పదేళ్ల పిల్లలు ఈ వాదన బాగానే చేస్తారు, పెద్దవాళ్ల కంటే తక్కువ అరుస్తారు.

ఒక జాగ్రత్త. జిల్లా పరిచయం అనగానే మా జిల్లా గొప్ప, మిగతావన్నీ దండగ అనే పాట మొదలవుతుంది. జర్మనీలో ఆ పాట ఎంత దూరం పోయిందో ప్రపంచానికి తెలుసు. సొంతూరు అనే ఆ హైమాట్ మాటని నాజీలు తమ పనికి వాడుకున్నారు. యుద్ధం తర్వాత కూడా చాలాకాలం సాగిన పాత సొంతూరి పాఠం మీద విమర్శలు వచ్చాయి. 1970 ప్రాంతంలో దాన్ని పక్కన పెట్టి, చూసి, కొలిచి, అడిగి తెలుసుకునే పాఠంగా మార్చారు. మనకూ అదే కావాలి. మన జిల్లాలో తెలుగుతో పాటు ఉర్దూ వినిపిస్తుంది, మహారాష్ట్ర సరిహద్దు వైపు వెళ్తే మరాఠీ వినిపిస్తుంది. తండ్రి గల్ఫ్‌లో ఉంటే వీడియో కాల్‌లో పెరుగుతున్న పిల్లలున్నారు. జిల్లా అంటే వీళ్లందరూ. అంకాపూర్ చికెన్ మనదే, గర్వంగా చెప్పుకుందాం. దాంతోనే పాఠం ముగించొద్దు.

ఇంట్లో చేయడానికి ఒక ఆట చెబుతా. పేరు ఇది ఎవరి పని. చీటీల మీద సమస్యలు రాయండి. వీధి లైటు వెలగడం లేదు. పట్టా పాసుబుక్కులో పేరు తప్పు పడింది. స్కూల్లో టీచర్ లేరు. కాలువకి నీళ్లు రాలేదు. పసుపు రేటు పడిపోయింది. ఇంకో వైపు మున్సిపాలిటీ, తహసీల్దార్, డీఈవో, ఇరిగేషన్, కలెక్టర్, ఎమ్మెల్యే, ఎంపీ అని రాయండి. జత కలపమనండి. తప్పులు చేస్తారు. మనమూ చేస్తాం. అప్పుడు ఫోన్ తీసి, జిల్లా వెబ్‌సైట్ తెరిచి, కలిసి వెతకండి. మ్యాప్‌లో నిజామాబాద్ జిల్లా అని కొట్టి, ఎర్ర చుక్కల గీత మీద వేలు పెట్టి చుట్టూ ఒక రౌండ్ వేయించండి. గోదావరి ఎక్కడ గీత అయిందో వేలికి తెలుస్తుంది.

దీనికి ఇదే మంచి టైమ్. కారణం ఉంది. మన దేశంలో జనాభా లెక్కలు చివరిసారి జరిగింది 2011లో. అప్పుడు పాత నిజామాబాద్ జిల్లా జనాభా సుమారు 25.5 లక్షలు. ఇప్పటి నిజామాబాద్ జిల్లాకి చెప్పే 15.7 లక్షలు ఆ పాత లెక్కని మండలాల వారీగా విడదీసి కూడిందే. 2021లో జరగాల్సిన లెక్క జరగలేదు. అంటే 2016లో గీసిన గీతల లోపల ఎంతమందిమి ఉన్నామో ఇప్పటిదాకా ఇల్లిల్లూ తిరిగి జనగణన చేయలేదు. 2027 మార్చి 1 ప్రాతిపదిక తేదీగా జరిగే జనగణన ఈ 33 జిల్లాలకి మొదటి సొంత లెక్క అవుతుంది.

ఆ లెక్క రాసేవాళ్లు మన గడప దగ్గరికి వచ్చినప్పుడు, పిల్లల్ని లోపలికి వెళ్లి టీవీ చూడమనకండి. పక్కన నిలబెట్టండి. వాళ్ల పేరు ఏ ఊరు, ఏ మండలం, ఏ జిల్లా కింద ఎక్కుతోందో వాళ్లనే చెప్పనివ్వండి.